బారసాల దాకా ఆగకండి

మీ ఇంట్లో గాని, పక్క ఫ్లాట్‌లో గాని ఈ వారం పురుడు ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఒక పని చెయ్యండి. వార్డులో నర్సమ్మనో, రౌండ్లకు వచ్చిన పిల్లల డాక్టరునో ఒక్క ప్రశ్న అడగండి: "బిడ్డకు టీఎస్‌హెచ్ చూశారా?" అది థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష. జవాబు విన్నాక తక్కినది తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇంత తొందర ఎందుకంటే ఇది గడువున్న సంగతి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి ఉండదు. ఉన్నా ఉండాల్సిన చోట ఉండదు, లేదా హార్మోన్ తయారు చెయ్యదు. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి హార్మోన్ కొంత అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డ అందరు పిల్లల్లాగే ఉంటాడు. బొడ్డు కోశాక ఆ సరఫరా ఆగిపోతుంది. మెదడు అతి వేగంగా పెరిగే తొలి నెలల్లో థైరాక్సిన్ లేకపోతే జరిగే నష్టాన్ని తర్వాత ఎంత మందు వాడినా పూడ్చలేం. అందుకే వైద్యులు మందు మొదలు పెట్టడానికి రెండు వారాల గడువు పెట్టుకున్నారు. మనలో చాలామంది ఇళ్లలో బారసాల ఇరవై ఒకటో రోజున. బియ్యంలో పేరు రాసి, బిడ్డను ఉయ్యాల్లో వేసే సమయానికి ఆ గడువు దాటి వారం అయి ఉంటుంది.

ఈ జబ్బుకు ఒక మాయ ఉంది. పొగడ్తల చాటున దాక్కుంటుంది. పిల్లాడు ఏడవడు. పాల వేళకు తట్టి లేపాల్సి వస్తుంది. "మా మనవడు ఎంత బుద్ధిమంతుడో, రాత్రిళ్లు ఎవరినీ లేపడు" అని అమ్మమ్మ మురిసిపోతుంది. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గవు, పొద్దుటెండలో చూపించమంటారు. మూడు రోజులకోసారి గాని దొడ్డికి పోడు, తల్లిపాలు తాగే పిల్లలు అంతేనంటారు. బొడ్డు ఉబ్బి ఉంటుంది, రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కడతారు. నాలుక కాస్త లావుగా, ఏడిస్తే గొంతు బొంగురుగా ఉంటుంది. ఒక్కోదానికీ ఒక్కో సమాధానం ఇంట్లోనే దొరికిపోతుంది, అన్నీ కలిపి చూసేవాళ్లు మాత్రం ఉండరు. చూసినా, ఈ గుర్తులన్నీ కనబడే నాటికే ఆలస్యం. ఇది ముఖం చూసి పట్టుకునే జబ్బు కాదు, రక్తపు చుక్కలో పట్టుకోవలసింది.

ఆ చుక్క తియ్యడం పెద్ద పనేమీ కాదు. పుట్టిన 48 గంటలు దాటాక, 72 గంటల లోపు, మడమ పక్కన చిన్న సూదిపోటు. ఒక మందపాటి కాగితం మీద అచ్చు వేసిన గుండ్రటి గళ్లలో చుక్కలు నింపి, నీడన ఆరబెట్టి, కవరులో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. బిడ్డ కాసేపు ఏడుస్తాడు, అంతే. 1960లలో అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే వైద్యుడు మరో జీవక్రియ జబ్బు కోసం తెచ్చిన పద్ధతి ఇది. 1970లలో కెనడాలో దాన్నే థైరాయిడ్‌కు మళ్లించారు. నలభై ఏళ్ల పైబడి చాలా దేశాల్లో ఏ బిడ్డా ఈ సూదిపోటు లేకుండా ఇంటికి వెళ్లడు. మన దేశంలో మాత్రం అందరికీ తప్పనిసరి చేసిన చట్టం లేదు. గోవా, కేరళ, చండీగఢ్ లాంటివి తమంత తాము మొదలుపెట్టాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం ఉంది గాని, చేస్తే చెయ్యండి లేకపోతే మానండి అన్న వరసలో ఉంది.

పరాయి దేశాల గొడవ మనకెందుకు అనుకుంటారేమో. మన ఊళ్లోనే లెక్క తేలింది. హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తం పరీక్షించి డాక్టర్ ఎ. రాధారమాదేవి, ఆమె సహచరుడు 2004లో ఫలితాలు ప్రచురించారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి ఉంది. అడ్రినల్ గ్రంథిలో ఎంజైము లోపం 2,575 మందిలో ఒకరికి. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు మొత్తం మీద వెయ్యి మందికి ఒకరి దాకా. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను చూస్తే థైరాయిడ్ లెక్క ఇంకా పెరిగి 1,130 మందిలో ఒకరికి తేలింది. పాశ్చాత్యుల పాత పుస్తకాల్లో ఇది మూడు నాలుగు వేల మందికి ఒకరు. తెలంగాణలో ఏడాదికి 6 లక్షల కాన్పులు అనుకుంటే ఏటా 350 నుంచి 530 మంది పిల్లలన్న మాట. రోజుకొకరు. వాళ్లకు కావలసింది రోజుకు రెండు మూడు రూపాయలు కూడా మించని మాత్ర, పొడి చేసి చెంచాడు తల్లిపాలలో కలిపి పొయ్యడం. మూడేళ్ల వయసులో డాక్టరు మళ్లీ చూసి, అవసరమైతేనే కొనసాగిస్తారు.

ఇప్పుడు మన ఐటీ కారిడార్ సంగతికి వద్దాం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట. ఇక్కడ ఏడో నెల రాకముందే బొడ్డుతాడు రక్తం దాచే బ్యాంకు నుంచి ఫోను వస్తుంది. రేపెప్పుడో బిడ్డకు జబ్బు చేస్తే పనికొస్తుందని వేలకు వేలు కట్టించుకుంటారు. బిడ్డ సొంత వాడకానికి అలా ప్రైవేటుగా దాచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని వైద్య పరిశోధన మండలి చెప్పింది. విడ్డూరం ఏమిటంటే, టీఎస్‌హెచ్ పరీక్షకు ఆ బొడ్డుతాడు రక్తమే కొద్దిగా ఇచ్చినా చాలు, మన దేశంలో పిల్లల హార్మోన్ వైద్యులు దాన్నీ అంగీకరిస్తారు. అంటే, గడ్డకట్టించి ఇరవై ఏళ్లు దాచడానికి పంపిన రక్తంలోనే ఆ బిడ్డకు ఈ వారం తెలియాల్సిన సంగతి ఉంటుంది. అది అడిగేవాడు ఉండడు. ఇంకోవైపు "నూరు జబ్బులకు ఒకే పరీక్ష" అంటూ రంగురంగుల ప్యాకేజీలు వచ్చాయి. చేయించుకోవచ్చు, తప్పు లేదు. కాని ముందు ఆ కాగితంలో మూడు పేర్లు ఉన్నాయో లేదో వెతకండి: టీఎస్‌హెచ్, 17 ఓహెచ్‌పీ, జీ6పీడీ. చివరిది ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము. ఈ మూడూ లేని నూరు జబ్బుల ప్యాకేజీ ఉప్పు లేని విందు భోజనం.

రెండో పేరు, 17 ఓహెచ్‌పీ, అడ్రినల్ లోపాన్ని పట్టేది. అది దాగి ఉన్న మగబిడ్డ చూడ్డానికి చక్కగా ఉంటాడు. రెండో వారంలోనో మూడో వారంలోనో వాంతులు మొదలవుతాయి, ఒళ్లు వాడిపోతుంది. విరేచనాల కేసేమో అనుకుని సెలైన్ పెట్టేలోపు ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆడబిడ్డకైతే జననాంగాల తీరు చూసి ఆడో మగో తేల్చి చెప్పలేనట్టు ఉండవచ్చు. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి ఆ మాట దాచేస్తారు. దాచకండి. ఇలాంటి లోపాలు చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరూ తలొక చెడ్డ జన్యువు ఇస్తేనే వస్తాయి, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. పెద్ద ప్యాకేజీ మీద ఉద్యోగం చేసే ఇంట్లో కూడా మేనమామ కూతురే కోడలైన సందర్భాలు తక్కువేం కాదు.

ఇక్కడే మన ఆచారం ఒకటి అడ్డం వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి తొమ్మిదో నెలలో గుంటూరో కరీంనగరో రాజమహేంద్రవరమో వెళుతుంది. అక్కడి ఆసుపత్రిలో రక్తం తీశారే అనుకోండి, రిపోర్టు వచ్చే వేళకు వీళ్లు డిశ్చార్జి అయి ఉంటారు. ల్యాబ్‌కు ఇచ్చిన నంబరు అల్లుడుది. అతను నానక్‌రామ్‌గూడలో మీటింగులో ఉంటాడు, తెలియని నంబరు అని ఎత్తడు. రిపోర్టు ఫైల్లో కూర్చుంటుంది. బిడ్డ ఐదో నెలలో కొండాపూర్ ఫ్లాట్‌కు వస్తాడు, ఫైలు అమ్మమ్మ గారింటి బీరువాలో ఉండిపోతుంది. రక్తం తియ్యడం సగం పనే. ఫలితం చేతికి రావడం మిగతా సగం. అందుకని రెండు నంబర్లు ఇవ్వండి, వారం లోపు ఫోను రాకపోతే మీరే చెయ్యండి.

కోకాపేటలో నలభై అంతస్తుల మేడలు కడుతున్న పాలమూరు, ఒడిశా కూలీల కుటుంబాలకు అమ్మమ్మ గారి బీరువా కూడా లేదు. వాళ్ల బిడ్డకు బుద్ధిమాంద్యం వస్తే అది ఖర్మ అయిపోతుంది, రోగం అని పేరు కూడా పెట్టరు. 2017లో కేసీఆర్ కిట్ పేరిట బాలింతకు ఇచ్చిన సంచిలో సబ్బు, నూనె, దోమతెర, చీర పెట్టారు. మంచి పనే. ప్రభుత్వం ఏదైనా, కిట్ పేరు ఏదైనా, ఆ సంచిలో ఒక రక్తపు చుక్కల కార్డు ఉంటే దాని బరువు ఎంత? తపాలా బిళ్లంత.

గడువు ఈ ఒక్కదానికే అనుకోకండి. ఎదుగుదలకు మొత్తం గడువులే.

శనివారం మధ్యాహ్నం కారిడార్‌లో పిల్లల హార్మోన్ డాక్టరు గది ముందు కూర్చుంటే ఈ దృశ్యం తప్పకుండా కనబడుతుంది. తండ్రి మెడలో ఆఫీసు ట్యాగ్ ఇంకా తియ్యలేదు. పక్కన పదిహేడేళ్ల కొడుకు, పై పెదవి మీద మీసం, భుజాలు ముందుకు వాల్చి కూర్చున్నాడు. తండ్రి ఫోనులో ఇంజెక్షన్ పేరు, ధర, ఎన్ని నెలలు వాడాలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. డాక్టరు అబ్బాయి ఎడమ చెయ్యి ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూస్తారు. చిన్నపిల్లల ఎక్స్‌రేలో ఎముకకీ దాని కొసకీ మధ్య నల్లటి సన్నని గీత కనిపిస్తుంది. అక్కడ ఉన్నది మెత్తటి మృదులాస్థి, ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఈ అబ్బాయికి ఆ గీతలు పూడిపోయాయి. "ఖర్చు ఎంతైనా పర్లేదు సార్" అంటాడు తండ్రి. ఎంతైనా లాభం లేదు. ఆడపిల్లల్లో దాదాపు పద్నాలుగు, పదిహేనేళ్లకూ, మగపిల్లల్లో పదహారు, పదిహేడేళ్లకూ ఆ తలుపు మూసుకుంటుంది. మూసుకున్నాక పొడి, మాత్ర, ఇంజెక్షన్, వేలాడే వ్యాయామం, ఏదీ తెరవలేదు.

ఆ తండ్రి తప్పు ఆశపడటం కాదు, పదేళ్లు కొలవకపోవడం. బరువు చూశారు, మార్కులు చూశారు, స్క్రీన్ టైము కూడా యాప్‌లో చూశారు. ఎత్తు మాత్రం చూడలేదు. మా తాతగారింట్లో వంటింటి గుమ్మానికి పెన్సిలు గీతలు ఉండేవి. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడల్లా వరసగా నిలబెట్టి గీసేవారు, పక్కన సంవత్సరం వేసేవారు. సున్నాలు వేసేటప్పుడు మేస్త్రీకి చెప్పి ఆ బద్ద ఒక్కటీ వదిలించేవారు. అద్దె ఫ్లాట్ గోడ మీద గీత గీస్తే డిపాజిట్‌లో కోస్తారని భయమైతే తలుపు వెనక కాగితపు టేపు అంటించుకోండి. చెప్పులు, సాక్సు తీసి, మడమలు, పిర్రలు, భుజాలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి, తల మీద గట్టి అట్ట పుస్తకం గోడకు లంబంగా పెట్టి దాని కింద గీయాలి. జడ ఉంటే విప్పాలి. ఉదయం కొలిస్తే ప్రతిసారీ ఉదయమే కొలవండి, సాయంత్రానికి మనిషి సెంటీమీటరు దాకా తగ్గుతాడు.

మొదటి ఏడాది బిడ్డ దాదాపు 25 సెంటీమీటర్లు పెరుగుతాడు, రెండో ఏడాది 10 నుంచి 12. నాలుగేళ్ల నుంచి యుక్తవయసు వచ్చేదాకా ఏటా 5, 6. ఆ వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా రాకపోతే క్లాసులో ఎన్నో వరసలో కూర్చుంటున్నాడన్నది అనవసరం, డాక్టరుకు చూపించాలి. తల్లిదండ్రుల ఎత్తూ లెక్కలోకి వస్తుంది. తండ్రి 170, తల్లి 155 అనుకుందాం. రెండూ కూడి, అబ్బాయికైతే 13 కలిపి సగం చేస్తే 169. అమ్మాయికైతే 13 తీసేసి సగం చేస్తే 156. దీనికి అటూ ఇటూ ఏడెనిమిది సెంటీమీటర్లు సహజం. ఈ లెక్క ఒక్కటి వేసుకుంటే సగం మంది తండ్రులు క్లినిక్ మెట్లు ఎక్కరు. ఎక్కవలసిన మిగతా సగం ఐదేళ్లు ముందు ఎక్కుతారు. ఐదేళ్లు దాటిన మన పిల్లల కోసం భారత పిల్లల వైద్యుల అకాడమీ 2015లో చార్టులు ఇచ్చింది. మీ డాక్టరు ఫైల్లో ఆ చార్టు మీద చుక్కలు ఉన్నాయా? చుక్కలు కలిపిన గీత ఉందా? లేకపోతే అడిగి పెట్టించండి.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ చెడ్డదని నేను అనడం లేదు. పీయూష గ్రంథి ఆ హార్మోన్ చెయ్యని బిడ్డకు, టర్నర్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయికి, కిడ్నీ జబ్బుతో ఎదుగుదల ఆగిన పిల్లలకు అది వరం. రోజూ రాత్రి చర్మం కింద పొడుచుకోవాలి, ఏళ్ల తరబడి, బరువును బట్టి ఖర్చు ఏడాదికి లక్షల్లోకి వెళ్తుంది. కాని అన్నీ సవ్యంగా ఉన్న పిల్లాడికి క్రికెట్ జట్టు కోసమో, పెళ్లిచూపుల కోసమో ఇచ్చే టానిక్ కాదది. రక్తంలో చక్కెర పెరగవచ్చు, తలలో ఒత్తిడి పెరగవచ్చు, తుంటి ఎముక కొస జారవచ్చు, గూని ఉంటే ముదరవచ్చు. దీని చరిత్రలోనే పెద్ద హెచ్చరిక ఉంది. 1985 దాకా ఈ హార్మోన్‌ను చనిపోయినవారి పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. అలా తీసిన మందు వాడిన కొందరు ఏళ్ల తర్వాత మెదడు క్షీణించే క్రాయిట్స్‌ఫెల్ట్ జాకబ్ జబ్బుతో చనిపోయారని ఆ ఏడాది బయటపడి, దాన్ని ఆపేశారు. ఇప్పటిది ల్యాబ్‌లో తయారయ్యేది, ఆ ప్రమాదం లేదు. కానీ తొందరపడి పిల్లల మీద వాడిన మందు ఇరవై ఏళ్ల తర్వాత కూడా లెక్క అడగగలదని అప్పుడు లోకానికి తెలిసింది.

ఇక ఫోనులో రోజూ కనబడే "మూడు నెలల్లో మూడంగుళాలు" ప్రకటనలు. ఎత్తు పెంచుతామని మందుల ప్రకటన ఇవ్వడం మన దేశంలో 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల చట్టం కిందే నేరం. ఆ చట్టం జాబితాలో శరీరపు ఎత్తు పేరు పెట్టి మరీ ఉంది. డెబ్బై ఏళ్ల నాటి నిషేధం అర్ధరాత్రి రీలు ముందు చేతులు ముడుచుకుని నిలబడుతోంది. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసిందంటే ఇంకా ముప్పు. పిల్లాడికి ఆకలి పుడుతుంది, బుగ్గలు వస్తాయి, "ఒళ్లు చేశాడు" అని ఇంట్లో సంతోషిస్తారు, ఎత్తు అక్కడే ఆగిపోతుంది. జిమ్‌లో పదిహేనేళ్ల కుర్రాడికి కండల కోసం ఎవరో అంటించే మగ హార్మోన్ అయితే ఎముక తలుపును గడువుకు ముందే మూసేస్తుంది.

ఒక్క గుర్తు చెబుతాను, ఇంట్లోనే వాడుకోండి. తిండి ఎక్కువై లావెక్కిన పిల్లలు సాధారణంగా ఈడు పిల్లల కంటే పొడుగ్గానే ఉంటారు. లావెక్కుతూ పొడుగు ఆగిపోయిన పిల్లాడు ఉంటే అది తిండి తంటా కాకపోవచ్చు, థైరాయిడో, స్టెరాయిడో, మరో గ్రంథో. ఆ వారమే చూపించండి.

అమ్మాయిల సంగతి ఇంకా సున్నితం. ఏడేళ్ల పాప క్లాసులో అందరికంటే పొడుగు. గ్రూప్ ఫొటోలో వెనక వరస. అమ్మానాన్నలకు గర్వం. ఎనిమిదేళ్లు నిండకముందే ఛాతీలో మార్పు వచ్చిందని స్నానం చేయించేటప్పుడు తల్లి గమనిస్తుంది, బొద్దుగా ఉందిలే అని సర్దుకుంటుంది. తొమ్మిదో ఏట పెద్దమనిషి అవుతుంది. ఓణీల ఫంక్షన్‌కు మాదాపూర్‌లో హాలు దొరుకుతుంది, కేటరర్ దొరుకుతాడు. దొరకనిది ఎత్తు. పుష్పవతి అయ్యాక అమ్మాయి పెరిగేది మామూలుగా ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు. ముందు పొడుగ్గా కనబడిన పాప చివరికి అందరికంటే పొట్టిగా ఆగిపోతుంది. ఆడపిల్లకు 8 ఏళ్ల లోపు, మగపిల్లాడికి 9 ఏళ్ల లోపు యుక్తవయసు గుర్తులు వస్తే అది సాధారణం కాదు. మగపిల్లల్లో అయితే మెదడులో గడ్డ ఉందేమో కూడా చూడాలి. చాలామందిలో ఆ గడియారాన్ని కొన్నాళ్లు ఆపే ఇంజెక్షన్లు ఉన్నాయి, నెలకో మూడు నెలలకో ఒకటి. కాని గడియారం గంట కొట్టేశాక ఆపి ఏం ప్రయోజనం? కొవిడ్ లాక్‌డౌన్ నాడు ఇటలీ నుంచీ, మన పుణె నుంచీ ఇలాంటి కేసులు పెరిగాయని వైద్యులు రాశారు. తొలిగుర్తు కనబడిన వారంలో వెళ్లండి. ఇది సిగ్గుపడే విషయమని పాపకు అనిపించేలా మాత్రం మాట్లాడకండి.

ఎదుగుదలలో ఎత్తు ఒక్కటే లేదు. ఒంట్లోపల జరిగేది ఇంకా ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఫలితం ఇచ్చారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు. 71 శాతం మందికి ఊబకాయం. ఇది పిల్లల వ్యాసంలో ఎందుకంటారా? ఆ 345 మంది ఇళ్లలో ఫ్రిజ్ ఒక్కటే, రాత్రి పదకొండింటికి వచ్చే డెలివరీ బాయ్ ఒక్కడే, కూర్చునే సోఫా ఒక్కటే. 2016-18లో కేంద్రం చేయించిన జాతీయ పోషకాహార సర్వేలో 5 నుంచి 19 ఏళ్ల మధ్య పిల్లల్లో పదిమందిలో ఒకరికి మధుమేహానికి ముందు మెట్టు కనిపించింది. 5 నుంచి 9 ఏళ్ల వాళ్లలో మూడోవంతు మందికి రక్తంలో ట్రైగ్లిజరైడ్ కొవ్వు ఎక్కువ. మెడ వెనక నల్లగా, మఖ్మల్‌లా మందంగా చార కనబడితే మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దుతారు. పాపం, ఆ పిల్ల ఏడుస్తుంది. అది మట్టి కాదు. ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తోందని చర్మం చెబుతున్న సాక్ష్యం. రుద్దడం మాని నడుము కొలవండి, రక్తం చూపించండి. దీనికి పూర్తిగా తలకిందుల కథ కూడా గుర్తుంచుకోండి: తిన్నా చిక్కిపోతూ, ఊరికే నీళ్లు తాగుతూ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టిన పిల్లాడికి ఆ రోజే చక్కెర చూడాలి. అది టైప్ 1 మధుమేహం కావచ్చు, రెండు మూడు రోజుల్లో కోమాకు తీసుకెళ్లగలదు.

ఇన్సులిన్ మాట వినని ఒంటికి మందు ఏమిటో కూడా మన రంగారెడ్డి జిల్లా మట్టిలోనే తేలింది. 1987 నుంచి 1990 దాకా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. తక్కిన పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. పదిహేనేళ్లు గడిచాక ఆ పిల్లల్లో 1,165 మందిని వెతికి పట్టుకున్నారు, అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితం వచ్చింది. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అది చిన్న సంగతి. అసలు సంగతి, వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత సూచీ 20 శాతం తక్కువ, రక్తనాళాలు ఎక్కువ మెత్తగా ఉన్నాయి. చీట్లు వేసి పల్లెల్ని విడదీసిన ప్రయోగం కాదు కాబట్టి మొత్తం ఘనత ఉప్మాదే అనలేం. కాని కడుపులో ఉన్నప్పుడూ, మొదటి ఆరేళ్లలోనూ తిన్న ముద్ద పదిహేనేళ్ల తర్వాత రక్తంలో సాక్ష్యం చెప్పిందన్నది మాత్రం నిజం. అదే జిల్లాలో ఇప్పుడు ఉన్న సైబర్ టవర్స్ నీడన, డబ్బా మీద ఆడుతున్న పిల్లాడి బొమ్మ చూసి చాక్లెట్ రంగు చక్కెర పొడి పాలలో కలుపుతున్నాం. ఆహార భద్రత చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే వర్గమే లేదని 2024లో కేంద్రమే చెప్పాల్సి వచ్చింది.

లేబుల్ మీద అక్షరం ఎంత మోసం చేయగలదో మన ఊరి డాక్టరే ఒకరు తేల్చారు. చక్కెర పానీయాల మీద "ఓఆర్ఎస్" అని రాసి విరేచనాలైన పిల్లలకు అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2022లో తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. 2025 అక్టోబర్ 14న ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక్క మనిషి ఎనిమిదేళ్లు. ఎత్తు పొడుల మీదా, ప్యాకేజీల మీదా అలా పోరాడేవాళ్లు ఇంకా రావాలి.

లేబుల్ లాగే సంతకం పెట్టే కాగితమూ చదవాలి. ఎవరైనా "స్టడీ ఉంది, ఇంజెక్షన్ ఉచితం" అంటే కంగారుపడి సంతకం చెయ్యకండి. పరిశోధన లేకపోతే మందు లేదు, అందులో చేరడం తప్పు కాదు. కాని దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు అడగండి, నైతిక సంఘం అనుమతి అడగండి, తెలుగులో ఉన్న అంగీకార పత్రం ఇంటికి తెచ్చుకుని చదవండి. కాస్త ఊహ తెలిసిన పిల్లాడి సమ్మతి కూడా విడిగా తీసుకోవాలని నియమం ఉంది. 2009-10లో ఖమ్మంలో హాస్టల్ అమ్మాయిల మీద టీకా ప్రయోగంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన గొడవ ఈ రాష్ట్రం మరిచిపోకూడదు.

ప్రభుత్వానికి చెప్పవలసింది ఒక్కటే. ప్రభుత్వ ప్రసూతి వార్డు కావచ్చు, కారిడార్‌లో అద్దాల ఆసుపత్రి కావచ్చు, రక్తపు చుక్క తియ్యకుండా, ఫలితం ఎవరికి పంపాలో రాసుకోకుండా డిశ్చార్జి చెయ్యకూడదని ఉత్తర్వు ఇవ్వండి. తేలిన లోపానికి చికిత్స కోసం దూరం పోనక్కర్లేదు, అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద ఎంపికైన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఉన్నాయి. కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లకూ ఒక మాట: ఉద్యోగి కాలేయానికి ఏటా స్కాన్ చేయిస్తున్నారు, అతనికి పుట్టిన బిడ్డ మడమకు ఒక సూదిపోటు కూడా బీమాలో రాయించండి.

తల్లిదండ్రులారా, డిశ్చార్జి రోజు బిల్లు కౌంటరు దగ్గర హడావిడిగా ఉంటుంది. అయినా ఒక్క నిమిషం ఆగి ఆ కాగితం చూడండి. టీఎస్‌హెచ్ అన్న మాట ఎదురుగా ఏమీ లేకపోతే, కార్డు గీకకముందే అడగండి.